మధ్యల కారిపోయే ఓటు పైసల మీద ఒక్క కామెడీ సిన్మా రాదేంది?

మొన్న పండక్కి అక్కోళ్ళింటికి పోయిన. మాది మహారాష్ట్రల రాజూరా, వాళ్ళది బోర్డర్ అవతల తెలంగాణల కాగజ్‌నగర్ దిక్కు, మధ్యల రోడ్డు పక్కకు ఒక బోర్డు తప్ప ఏం లేదు, మరాఠీ అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు వస్తయి అంతే. రాత్రి అన్నాలు తిన్నంక పిల్లలు టీవీల మార్టిన్ లూథర్ కింగ్ పెట్టిన్రు, అదే సంపూర్ణేష్ బాబుది, 2023ల వచ్చింది, తమిళ మండేలాకు రీమేకు. నేను రెండూ ఇంతకుముందే చూసిన గని మళ్ళ కూసున్న. చెప్పులు కుట్టుకునేటోని ఒక్క ఓటు మీద ఊరి ప్రెసిడెంట్ కుర్చీ ఆగుతది, ఇగ రెండు గ్రూపులోళ్ళు పోటీలు పడి వానికి ఇచ్చుడే ఇచ్చుడు. ఇంట్ల అందరు పడీ పడీ నవ్వుతున్నరు. బావ ఒక్కడు నవ్వలే. కాలు మీద కాలేసుకొని పల్లీలు నములుకుంట చూస్తున్నడు. సగం సిన్మా అయినంక ఒక్కసారి నవ్విండు, అదీ ఎవ్వరు నవ్వని కాడ. ఏంది బావా అంటే, "ఇచ్చింది ఇచ్చినట్టు వానికే చేరింది చూడు బామ్మర్ది, మధ్యల ఒక్కడు కూడ తినలే. ఇది కామెడీ కాదు, భక్తి సిన్మా" అన్నడు.

అప్పటిసంది ఆ మాట నా బుర్రలకెల్లి పోతలేదు. దుకాణంల కూసొని యూరియా బస్తాలు లెక్కవెట్టుకుంట కూడ అదే. (తెలుగు తప్పులుంటే ఏమనుకోకున్రి, నేను చదివింది మరాఠీ మీడియం, తెలుగు అక్షరాలు సిన్మా పోస్టర్లు చూసి నేర్చుకున్నోన్ని.)

పైపుల నీళ్ళ లెక్క

బావ వాళ్ళ వార్డుల ఓటు పైసలు పంచే మనిషి. ఏ పార్టీ అని మాత్రం అడగకున్రి, ఆయనే రెండు మార్లు మారిండు. ఎలక్షన్ వచ్చిందంటే తన వార్డు ఓటర్ లిస్టు ముందటేసుకొని స్కేలు పెట్టి గీతలు గీస్తడు, ఒక్కొక్క పేరు పక్కకు మూడిట్ల ఒక గుర్తు: మనోడు, డౌటు, రాడు. పైసలు ఎక్కువ పోయేది డౌటు గాళ్ళకే. మనోళ్ళకు కొంచెం తక్కువిచ్చినా తిట్టుకుంటనన్న మనకే ఏస్తరు అంటడు. బతుకంత ఒక్క పార్టీనే పట్టుకొని ఉన్నోనికి దక్కే మర్యాద ఇదన్నట్టు.

పైన క్యాండిడేటు కాడ ఓటుకు 2,000 అని లెక్కగట్టి బయటికి తీసిన్రనుకో. కింద మండలం చూసేటోడు ఒకడుంటడు, ఆయన కింద ఊరి లీడరు, ఆయన కింద పోలింగ్ బూతు చూసే మనిషి, ఆయన కింద యాభై ఇండ్లకు ఒక పిల్లగాడు. ప్రతి మెట్టు కాడ బండి పెట్రోలని, పోరగాళ్ళ దావతని, రేపు ఎవడన్న అలిగితే చేతిల ఉండాలె గద అని కొంత ఆగుతది. కింద చేతిల వడేవరకు 1,500 ఉంటే అది సత్తెపూసల మండలం, 1,000 ఉంటే మామూలు మండలం. ఇది నా లెక్క కాదు, బావ లెక్క. ఆయన మాటలల్ల కూడ లీకేజీ ఉంటది కాబట్టి నాలుగో వంతు తీసేసి వినున్రి.

ఆ రాత్రి ఆయన చెప్పిన వాటిల నాకు బాగ నచ్చింది చచ్చిపోయినోళ్ళ కవర్ల సంగతి. మనిషి పోయి మూడేండ్లయితది, పేరు తీసెయ్యమని ఇంట్లోళ్ళు ఫారం నింపలే, లిస్టుల పేరు అట్లనే ఉంటది. పైన లెక్క గట్టేది లిస్టును చూసే గద, అందుకని ఆయన పేరు మీద కూడ కవర్ దిగుతది. ఒకసారి వాళ్ళ వార్డుల అట్ల 40 కవర్లు మిగిలినయంట. వాపస్ ఇచ్చినవా అన్న. పిచ్చోన్ని చూసినట్టు చూసిండు నన్ను. "వాపస్ ఇస్తే ఏమంటరు, నీ కాడ 40 ఓట్లు తక్కువున్నయా అంటరు. ఓట్లు తక్కువున్నయని చెప్పుకునే బూతు మనిషికి మళ్ళ పని ఎవడిస్తడురా?"

ఇది విన్నప్పుడు నాకు ది గ్రేట్ మెక్‌గింటీ యాదికొచ్చింది. హాలీవుడ్ సిన్మా, 1940ల వచ్చింది, ప్రెస్టన్ స్టర్జెస్ అనే ఆయన తీసిండు. అండ్ల తినడానికి గతిలేక తిరిగే ఒకడు, ఓటుకు రెండు డాలర్లు ఇస్తమంటే ఒక్క రోజుల బూతు మార్చి బూతు తిరిగి 37 ఓట్లు గుద్ది వస్తడు, 74 డాలర్లు తియ్యిన్రి అని నిలబడ్తడు. ఇచ్చేటోళ్ళే నోరు తెరుస్తరు. అక్కడ ఓటుకు రానోళ్ళ పేర్ల మీద వేరేటోళ్ళు ఓటేసుడు. మా కాడ చచ్చిపోయినోళ్ళు ఓటెయ్యరు, ఉత్త పైసలు తీసుకుంటరు. ఎనభై ఏండ్లు గడిచినంక మనం ఇంత నీతిమంతులమైనం.

ఆ సిన్మాల నాకు ఇంకోటి ఇష్టం. ఆ మెక్‌గింటీ అట్ల అట్ల పైకొచ్చి మేయరైతడు, గవర్నరైతడు, దొంగతనాలు చేసినన్ని దినాలు ఏం కాదు, ఒక్క గడియ బుద్ధిపుట్టి నిజాయితీగ ఉందామనుకుంటడు, ఆ ఒక్క గడియకే కుర్చీ పోయి దేశం ఇడిసి ఉరుకుతడు. మన సిన్మాల అయితే ఆ ఒక్క గడియ కాడ పాట వస్తది.

సిన్మాకు రెండు చేతులే కనిపిస్తయి

ఇప్పుడు నా పంచాయితీకి వస్త. ఓటుకు నోటు మీద మనోళ్ళు తీసే కామెడీలల్ల రెండే చేతులుంటయి, ఇచ్చే చెయ్యి, తీసుకునే చెయ్యి. ఇచ్చేటోడు తెల్లబట్టల విలన్. తీసుకునేటోడు ఒక తాగుబోతో, అమాయకుడో, రెండు పార్టీల కాడ తీసుకునే గడుసు ముసలవ్వో. మధ్యలోళ్ళు తెరమీద ఉంటరు గని లీడర్ ఎనుక తలకాయలూపుకుంట నిలబడ్తరు, వాళ్ళ చేతిల లెక్కల పుస్తకం ఉండదు, జేబుల ఏమున్నదో డైరెక్టర్ చూడడు. దీంతోని నవ్వంత పోయి కింద చెయ్యి మీద పడ్తది. బిర్యానీ పొట్లం కోసం లైన్ల నిలబడ్డోన్ని చూసి మనం నవ్వుతం, ఏసీ రూముల కూసొని ఆ పొట్లం టెండర్ల ముప్పై రూపాయలు మిగుల్చుకున్నోన్ని చూసి నవ్వే అవకాశమే మనకియ్యరు.

ఇంకో సంగతి దీనికంటె డేంజరు. పైసలు ఇస్తే పనైతదని సిన్మానే సంతకం పెట్టి ఇచ్చినట్టు అయితది. చివర్ల హీరోకు కండ్లు తెరుచుకొని నాకొద్దు, ఊరికి ఇయ్యిన్రి అంటడు, మనం ఈలలేస్తం, అంటే అప్పటిదాక పైసలు మస్తుగ పనిచేసినయనే గద అర్థం. మార్టిన్ లూథర్ కింగ్‌ను నేను తక్కువ చేస్తలేను, నాకు ఇష్టం ఆ సిన్మా, ఓటును వేలం పాటకు పెట్టే దాక తీసుకపోయే ధైర్యం ఎంతమందికుంటది. గని ఒక్క ఓటు అనే కిటుకే దాన్ని కాపాడింది. ఒక్కడే ఓటరుంటే పంచేటోడు అవసరం లేదు, లీడరే స్వయంగ వచ్చి కాళ్ళు పడ్తడు. నిజం ఎలక్షన్ల రెండు లక్షల మందుంటరు.

లెక్క వేసి చూడున్రి. రెండు లక్షల ఓట్లున్న నియోజకవర్గంల సగం మందికి వెయ్యి చొప్పున పంచినా 10 కోట్లు. పెద్ద రాష్ట్రాలల్ల అసెంబ్లీ క్యాండిడేటు ఖర్చుకు పెట్టిన పరిమితి 2022సంది 40 లక్షలు. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెడితేనే సగం కామెడీ అయిపోయింది, గెలిచినోడు ఆ 40 లక్షల లోపలనే టీ బిల్లు, కుర్చీల కిరాయి, డప్పులోళ్ళ పైసలు పైసా పైసా రాసి లెక్క సమర్పిస్తడు చూడు, ఆ ఫైలు మీదనే ఒక సిన్మా తియ్యొచ్చు.

అసలైన జోకు ఏందంటే ఆ 10 కోట్లు పనిచేసినయా లేదా అని పెట్టినోనికి కూడ తెల్వదు. బావను అడిగిన, మీ పార్టీ పంచకుంటే ఏమైతుండె అని. "అవతలోడు పంచుతుండె." అవతలోడు కూడ పంచకుంటే? కొంచెంసేపు పల్లీలు నములుడు ఆపిండు. "ఇద్దరు పంచకుంటే ఏమైతదో ఇద్దరు పంచితే కూడ అదే అయితది లే. గని ముందుగాల ఎవడాపుతడు?" ఇద్దరు మొగోళ్ళు ఒకరికొకరు భయపడి చెరో పది కోట్లు గంగల పారబోసుకొని, గెలిచినోడు పైసలతోని గెలిచిన అనుకుంటడు, ఓడినోడు పైసలు తక్కువై ఓడిన అనుకుంటడు. మధ్యల బావ బుల్లెట్ బండి కొన్నడు.

2010ల లీడర్ వచ్చింది చూడున్రి. నాయిన దాచిన నల్లపైసలతోని ఎమ్మెల్యేలను కొని సీఎం అయి అవినీతిని కడిగేస్త అంటడు హీరో. ఈ కథను సీదగ చూస్తే ఎంత పెద్ద కామెడీ అది! గని రానా మొహం సీరియస్, మ్యూజిక్ సీరియస్, మనం కండ్లనీళ్ళు తుడుచుకొని వచ్చినం. అదే ముక్కను నవ్వుకుంట తీస్తే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ పీకుతది.

పైసలు కాలవెట్టే కథలు మాత్రం మనకు పాతవే. 1954లనే ఎన్టీఆర్ వద్దంటే డబ్బు ఉన్నది, 1997ల రజనీకాంత్ అరుణాచలం ఉన్నది, ముప్పై రోజులల్ల 30 కోట్లు ఖతం చెయ్యాలె, హీరో ఎటూ తోచక ఆఖరికి రాజకీయ పార్టీ పెడ్తడు. ఈ రెండిటికి మూలం అమెరికాల ఒక పాత నవల, దాన్నే 1985ల బ్రూస్టర్స్ మిలియన్స్ అని హాలీవుడ్డోళ్ళు కూడ తీసిన్రు. అండ్ల హీరో న్యూయార్క్ మేయర్ ఎలక్షన్ల దిగి నాకు ఓటెయ్యకున్రి, ఎవ్వరికీ ఎయ్యకున్రి అని ప్రచారం చేస్తడు (మనకు నోటా 2013ల వచ్చింది, ఆయన ముందే తెచ్చిండు), జనం ఎగబడి ఆయన దిక్కే వస్తరు, అప్పుడు తెలుస్తది గెలిస్తే జీతం వస్తదని, జీతమొస్తే పందెం ఓడిపోతడని, బెదిరి తప్పుకుంటడు. గెలిస్తే పైసలొస్తయని భయపడి తప్పుకున్న క్యాండిడేటును నేను ఇంకెక్కడా చూడలే.

చెక్‌పోస్ట్ కాడ మూడు గంటలు

ఇది నా సొంత ముచ్చట. 2024 ఏప్రిల్, చంద్రపూర్‌ల పోలింగ్ 19 తారీకు, దానికి వారం ముందు. నేను కృషి కేంద్రం నడిపిస్త, పత్తి విత్తనాలు, మందులు, ఉద్దెర లేకుండ ఒక్క పాకెట్ పోదు. జివతి దిక్కు మాణిక్‌గఢ్ గుట్టల మీద ఊర్లల్ల పాత బాకీలు వసూలు చేసుకొని బండి మీద వస్తున్న. సంచిల 72,400. ఎలక్షన్ కోడ్ల 50,000 దాటితే కాయితం చూపియ్యాలె. నా కాడున్న కాయితం ఉద్దెర పుస్తకం.

ఆపిన్రు. సంచి విప్పిన్రు. పది రూపాయల నోట్లు కూడ ఉన్నయి, ఇట్లాంటి నోట్లు ఓటర్లకు ఎవడు పంచుతడు సార్ అన్న. సారు వినలే, ఆయన డ్యూటీ ఆయనది. ముగ్గురు మూడు మార్లు లెక్కవెట్టిన్రు, మూడు మార్లు మూడు నంబర్లొచ్చినయి, మళ్ళ లెక్కవెట్టిన్రు. తర్వాత ఉద్దెర పుస్తకం తెరిచి ఒక్కొక్క పేరు గట్టిగ చదువుకుంట పోయిండు సారు, పేరు, ఊరు, ఎన్ని పాకెట్లు, ఎంత బాకీ. వీడియో తీసే పిల్లగాడు మధ్యల కెమెరా దించి, "ఈయన నీకు కూడ బాకీయేనా, మా నాయినకు గూడ రెండేండ్లసంది ఇస్తలేడు" అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో అర్థం కాలే. మూడు గంటలైనంక పంపిచ్చిన్రు. ఆ మూడు గంటలల్ల మా పక్కకెల్లి ఎన్ని కార్లు పోయినయో.

బావకు చెప్తే ఆయనకు కోపమొచ్చింది, నా మీద. "ఎలక్షన్ టైముల పైసలు పట్టుకొని రోడ్డు మీదికి ఎవడన్న పోతడా? మేం పోతమా? డేటు రాకముందే అన్ని ఇండ్లల్లకు చేరిపోయి ఉంటయి."

ఆ గుట్టల మీదనే 14 ఊర్లున్నయి, మీరు టీవీల చూసే ఉంటరు, మహారాష్ట్ర మావి అంటది, తెలంగాణ మావి అంటది. మా దిక్కు జివతి తాలూకా, అటు దిక్కు కెరమెరి మండలం. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటర్ కార్డులు, ఇద్దరు సర్పంచులు. 2019ల చంద్రపూర్, ఆదిలాబాద్ రెండిటికి ఒక్కటే రోజు, ఏప్రిల్ 11 పోలింగ్ వచ్చింది. 2024ల ఏప్రిల్ 19 ఇటు, మే 13 అటు. మధ్యల 24 రోజులు, మైసూరుల తయారైన సిరాకు కూడ ఆ గోరు మీద ఎంతకాలం ఉండాలో అర్థం కాకపోవచ్చు. (ఒడిశా కోరాపుట్ దిక్కు కొఠియా ఊర్లది కూడ ఇదే కథ, అక్కడ ఆంధ్రాతోని లొల్లి.)

నేను అనుకున్న, వీళ్ళకు రెండు దిక్కులకెల్లి కవర్లొస్తయి, రాజాలు అని. ఉద్దెర వసూలుకు పోయినప్పుడు ఒక పెద్దమనిషితోని అదే అన్న, ఆయన బీడీ ఆర్పి నవ్విండు. ఇటోళ్ళు అనుకుంటరంట, వీళ్ళకు తెలంగాణోళ్ళు ఇస్తరు లే, మనమెందుకు అని. అటోళ్ళు అనుకుంటరంట మహారాష్ట్రోళ్ళు ఇచ్చే ఉంటరు అని. "దోన్ సర్కార్ ఆహేత్, రస్తా ఏక్ పణ్ నాహీ" అన్నడు, సర్కార్లు రెండున్నయి, రోడ్డు ఒక్కటి లేదు అని. ఇట్లాంటి సీను మనం రాస్తే ఓవర్ అయింది తీసెయ్ అంటడు ప్రొడ్యూసర్.

చిన్నమ్మ రెండు కవర్లు

తీసుకునే చెయ్యిని చూసి నవ్వొద్దు అంటున్న గద, దానికి కారణం మా చిన్నమ్మ. బోర్డర్ అవతలనే ఉంటది. పోయిన అసెంబ్లీ ఎలక్షన్లప్పుడు రెండు పార్టీలోళ్ళు ఇచ్చిన్రు, రెండూ తీసుకున్నది. దేవుని ఫోటో మీద ఒట్టు వెయ్యమంటే రెండు మార్లు వేసింది. ఒకటి కరెంటు బిల్లుకు పోయింది, ఇంకోటి మనుమరాలి చెవుల కమ్మలకు. ఖాళీ కవర్లు మాత్రం పారెయ్యలే, ఒకదాంట్ల ఆధార్ కార్డు, ఇంకోదాంట్ల రేషన్ కార్డు పెట్టుకున్నది. నేను చూసిన ఆ కవర్లను. రెండిటికి లోపల అవే నీలం గీతలు, ఎనుక అదే బుక్ డిపో ముద్ర. రెండు పార్టీలోళ్ళు ఒక్కటే దుకాణంల కొన్నరన్నట్టు. ఆ ఎలక్షన్ల మొత్తానికి ఏ అనుమానం లేకుండ గెలిచినోడు ఆ దుకాణపాయన ఒక్కడే.

మరి ఓటు ఎవరికేసినవ్ చిన్నమ్మా అంటే చెప్పలే చానసేపు. తర్వాత మెల్లగ చెప్పింది, మూడోనికి. గెలవడని తెలుసు. "మీ చిన్నాయిన పోయినప్పుడు ఆ పిలగాడు పాడె పట్టిండు బిడ్డా." మరి దేవుని ఒట్టు? "ఇద్దరికి వేసిన గద, ఒకదానికొకటి చెల్లు."

ఇది తెలివా, మోసమా, నాకు తెల్వదు. సిన్మావోళ్ళు చూపిచ్చే గడుసు ముసలవ్వ ఈమెనే. గని సిన్మాల ఆమెను చూసి మనం ఓటరు ఇట్ల పాడైండు అని నవ్వుతం, ఇంట్ల చూస్తే నాకు నవ్వొచ్చింది ఇంకొకరి మీద, ఆమె ఓటు కొన్నం అని లిస్టుల "పక్కా" అని టిక్కు పెట్టుకున్న ఇద్దరి మీద. ఆ ఇద్దర్ల ఒకడు మా బావనే.

పైసలు కొట్టంగనే ఓటు పడుతదనే నమ్మకాన్ని జనమే కొన్నిసార్లు నిజం చేస్తరు, అదీ ఉన్నది, దాచను. 2021 అక్టోబర్ల హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు కవర్లు పక్కూరోళ్ళకు వచ్చినయి మాకు రాలేదని ఆడోళ్ళు మొగోళ్ళు రోడ్డెక్కి ధర్నాలు చేసిన్రు, వీడియోలు మన ఫోన్లల్ల తిరిగినయి. అందరు ఛీ అన్నరు. బావ మాత్రం ఆ వీడియో చూసి "వాళ్ళ పైసలు ఎవనో జేబులున్నయి, వాన్ని అడుగుతున్నరు, తప్పేమున్నది" అన్నడు. మొదలు నాకు కోపమొచ్చింది గని, నీళ్ళు రాకపోతే పైపు ఎక్కడ వలిగిందని అడిగినట్టే ఉన్నది అది.

నా వాదానికే ఉన్న తూట్లు

ఇంతదాక రాసినంక నాకే ఒక డౌటు. మధ్యలోళ్ళ మీద నవ్వుకుంట కూసుంటే అసలు పైసలు పెట్టినోడు తప్పిచ్చుకుంటడు కదా? ఆ 10 కోట్లు క్యాండిడేటు పత్తి చేన్ల పండిచ్చినవి కావు. ఎవనో కాంట్రాక్టరు ఇచ్చి ఉంటడు, వాడు మళ్ళ రోడ్డుల కంకర తగ్గించి తీసుకుంటడు, ఆ జివతి పెద్దమనిషి అన్న రోడ్డులనే. నేను బావతోని కూసొని నవ్వుతున్నప్పుడు ఆ కంకర మీదనే కూసొని నవ్వుతున్న.

ఈ మూలం దాక పోయిన కామెడీలు ఉన్నయి. ఎడ్డీ మర్ఫీది ది డిస్టింగ్విష్డ్ జెంటిల్మన్, 1992. ఒక మోసగాడు చచ్చిపోయిన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మెంబర్ పేరు, తన పేరు ఒక్కటే ఉండుట్ల అదే పేరుతోని గెలిచి వాషింగ్టన్ పోతడు. అక్కడ ఒక లాబీయిస్టు అడుగుతడు, చక్కెర ధరకు సర్కారు ఇచ్చే మద్దతు మీద నీ అభిప్రాయం ఏంది అని. ఈయన, ఏముంటే మంచిది అంటడు. ఆయన చెప్పేది ఏందంటే ఏదున్నా ఒక్కటే, సరే అంటే చక్కెర పండిచ్చేటోళ్ళ పైసలు ఇప్పిస్త, వద్దంటే మిఠాయి కంపెనీలోళ్ళ పైసలు ఇప్పిస్త. ఆ సీను ఆపి ఆపి నాలుగు మార్లు చూసిన. మా చిన్నమ్మ రెండు కవర్లు యాదికొచ్చినయి. ఆమె తీసుకుంటే ఓటరు చెడిపోయినట్టు, ఈయన తీసుకుంటే పార్లమెంటరీ వ్యవహారం.

మనకు మా మహారాష్ట్రల ఆ స్థాయి జోకు సిన్మాల కాదు, విధాన్ భవన్ (మా అసెంబ్లీ) మెట్ల మీద పుట్టింది. 2022ల శివసేన ఎమ్మెల్యేలు షిండే దిక్కు మారినప్పుడు ప్రతిపక్షపోళ్ళు "పన్నాస్ ఖోకే, ఏక్‌దమ్ ఓకే" అని అరిచిన్రు. పన్నాస్ అంటే యాభై, ముంబై భాషల పేటీ అంటే లక్ష, ఖోకా అంటే కోటి. తీసుకున్నరా లేదా అన్నది ఆరోపణ, అవతలోళ్ళు కాదన్నరు, నాకు దాని జోలి వద్దు. గని ఆ యేడు మా రాజూరాల పిల్లలు క్రికెట్ ఆడుకుంట ఎవడన్న టీము మారితే అదే అరిచేటోళ్ళు. ఇంత మంచి మాట రోడ్డు మీద పడి ఉంటే ఏ సిన్మా రైటరు ఏరుకున్నట్టు నేను చూడలే.

బావను ఇంకోటి అడిగిన, పైవాళ్ళ మీద తీస్తే నవ్వు రాదు, ఫైటింగ్ వస్తది, అందుకే తియ్యరేమో అని. ఆయన సరే అన్నడు, నేను మాత్రం ఒప్పుకోను. 1983ల జానే భీ దో యారో వచ్చింది గద, బిల్డర్లు, మున్సిపల్ కమిషనర్, కూలిన ఫ్లైఓవర్, శవాన్ని ద్రౌపదిని చేసి స్టేజీ ఎక్కిచ్చుడు. కడుపు పట్టుకొని నవ్వుతం. చివరికి జైలుకు పోయేది ఫోటోగ్రాఫర్లు ఇద్దరే, పెద్దోళ్ళంత కలిసిపోతరు. నవ్వు ఎక్కడా ఆగలే, ఒక్క పేదోని మీద కూడ పడలే. అంటే తియ్యొచ్చు. తియ్యాలనుకోవాలె.

పంచెటోడే మోసపోయే సిన్మా కూడ ఒకటి దొరికింది నాకు, ఇర్రెసిస్టిబుల్, 2020, జాన్ స్టువర్ట్ తీసిండు. చూడనోళ్ళు ఈ పేరా దాటేయున్రి. విస్కాన్సిన్ల చిన్న ఊరు, మేయర్ ఎలక్షన్, రెండు పెద్ద పార్టీల మేధావులు వచ్చి కోట్లు కుమ్మరిస్తరు, చివరికి తెలుస్తది ఆ పోటీ అంత ఊరోళ్ళు కలిసి ఆడిన నాటకం, ఆ పైసలతోని ఊరిని, బడిని నిలబెట్టుకుంటరు. సిన్మాగ అంత గొప్పగ ఏం లేదు, మధ్యల నిద్రొచ్చింది. గని ఆ ఐడియా చూసి లేచి కూసున్న. మా రాష్ట్రంలనే నాసిక్ జిల్లా ఉమ్రాణేల సర్పంచ్ పదవిని 2 కోట్ల 5 లక్షలకు వేలం పాడిన్రు, గుడి కట్టడానికంట, 2021 జనవరిల ఎలక్షన్ కమిషన్ ఆ ఎలక్షన్నే రద్దు చేసింది. పేపర్ల చదివినప్పుడు ఛీ అన్నోన్ని నేను. అమెరికా ఊరోళ్ళు చేస్తే తెలివి అని చప్పట్లు కొట్టిన. ఎందుకట్ల? ఒకరు బడికి, ఒకరు గుడికి అనా? లేకపోతే ఒకటి బయటోళ్ళ పైసలు, ఇంకోటి మళ్ళ ఊరి నుంచే పిండుకునే పైసలు అనా? రెండోదే అనుకుంటున్న గని గట్టిగ చెప్పలేను.

చెప్పకపోతే తప్పయితది, నేను కూడ తీసుకున్నోన్నే. మా గల్లీ గణపతి మండలికి ఒకాయన ఎలక్షన్ల ముందు యాభై ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చిండు, ఎనుక పేరు రాపిచ్చి. మేం పిన్నీసుతోని గీకి పేరు తీసేసినం, సగమే పోయింది, ఇప్పుడు ఆ కుర్చీల మీద ఆయన పేరుల చివరి రెండక్షరాలు మిగిలినయి. దాంట్ల కూసొనే ఇది టైపు చేస్తున్న.

పోస్టు పెట్టే ముందు బావకు ఫోన్ చేసిన, నీ గురించి రాస్తున్న, పేరు పెట్టను అని. మొత్తం చదివి వినిపిచ్చిన. ఆయన విన్నడు, ఒక్క కాడనే ఆపిండు. "ఆ 40 కవర్లు తీసెయ్ బామ్మర్ది."

"దొరికిపోతవనా?"

"కాదు, నవ్వుతరు. మా పక్క వార్డోడు 110 మింగిండు."

సరే మరి నీ మీద సిన్మా తీస్తే నీ వేషం ఎవరెయ్యాలె అని అడిగిన. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "ఎవడైతేంది, వానికిచ్చే పైసలు ముందుగాల నా చేతికియ్యమను, నేను తీసుకపోయి వానికిస్త" అన్నడు.